పారిస్ మెట్రోలో నాన్న పర్సు

మా నాన్న స్కూలు టీచరు. ముప్పై ఏళ్ళు రోజూ ఆర్టీసీ బస్సులో వెళ్ళొచ్చాడు. సంక్రాంతి రద్దీలో ఫుట్‌బోర్డు మీద వేలాడాడు, పుష్కరాల్లో మునిగాడు, తిరుమల క్యూలో గంటలు గంటలు నలిగాడు. ఒక్కసారి కూడా జేబు కొట్టించుకోలేదు. అలాంటి మనిషి పర్సు పారిస్ మెట్రోలో, మూడే మూడు స్టేషన్ల ప్రయాణంలో పోయింది.

ఈ వారం ఆ పర్సు గురించే. నిజానికి పర్సు కంటే, అది పోయాక గడిచిన ఓ అరగంట గురించి ఎక్కువ చెప్పాలి.

ఆఫీసు పని మీద ఆరు నెలలు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నప్పుడు అమ్మానాన్నల్ని రప్పించాను. అక్కడ రైలెక్కితే నాలుగు గంటల్లోపే పారిస్. వెళ్ళే ముందు రాత్రి ఇద్దర్నీ కూర్చోబెట్టి ఓ గంట క్లాసు పీకాను. బ్యాగు ముందుకు వేసుకోండి, ఎవరైనా కాగితం చూపిస్తే ఆగకండి, ఎవరు పలకరించినా మాట్లాడకండి. వీడియోలు కూడా చూపించాను. "మేమేమన్నా చిన్నపిల్లలమట్రా" అని అమ్మ నవ్వింది. నాన్న మాత్రం స్టూడెంట్‌లా బుద్ధిగా విన్నాడు.

మర్నాడు ఆర్క్ ద ట్రియాంఫ్ చూసి, దాని కిందున్న స్టేషన్లో 6వ నంబరు మెట్రో ఎక్కాం. ఐఫిల్ టవర్ బాగా కనిపించే త్రొకాదెరో అక్కణ్ణుంచి మూడో స్టేషన్. ఆ లైన్‌కి అదే మొదటి స్టేషన్. నేనూ అమ్మా లోపలికి వెళ్ళిపోయాం. నాన్న తలుపు దగ్గర ఉండగా ముందున్న ఓ అమ్మాయి చేతిలో మ్యాప్ జారిపడింది. నాన్న వంగి, తీసి ఇచ్చాడు. ఆ అమ్మాయి "మెర్సీ" అని నవ్వింది కూడా. వెనకనుంచి ఇద్దరు "పర్దోన్, పర్దోన్" అంటూ తోసుకున్నారు. బజర్ మోగింది. తలుపులు మూసుకునే లోపు ముగ్గురూ దిగిపోయారు. పాపం, తప్పు రైలెక్కారేమో అనుకున్నాను.

త్రొకాదెరోలో ఫొటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ నాన్న నవ్వలేదు. "కాళ్ళు నొప్పులా?" అంటే "అబ్బే" అన్నాడు. ఇంకో అరగంట గడిచింది. ఐస్‌క్రీమ్ బండి దగ్గర "నాన్నా, చిల్లరుంటే ఇవ్వు" అన్నప్పుడు నెమ్మదిగా చెప్పాడు. "పర్సు కనబడట్లేదురా."

నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది. అంతమంది మధ్యలో గట్టిగా అరిచాను. "రాత్రంతా చెప్పాను కదా!" నాన్న నేల చూపులు చూశాడు. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ అరగంటలో పర్సులోని డెబిట్ కార్డు మూడుసార్లు వాడేశారు. 38 యూరోలు, 46 యూరోలు, 49 యూరోలు. మొత్తం 133. పిన్ అక్కర్లేదు, మెషీన్‌కి తాకిస్తే చాలు. ఫ్రాన్స్‌లో 50 యూరోల వరకూ కాంటాక్ట్‌లెస్‌కి పిన్ అడగరు. ఆ సంగతి నాకు తెలుసు, దొంగకీ తెలుసు, నాన్నకి తెలీదు. మెసేజ్‌లు నాన్న నంబరుకి వస్తాయి, ఆ నంబరుకి రోమింగ్ లేదు.

"పోయిందని తెలియగానే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "తిడతావని" అన్నాడు.

నా హోమ్‌వర్క్‌లు దిద్దిన మనిషి, నేను తిడతానని భయపడ్డాడు.

తప్పెవరిది అని అడగకూడదు

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. సైటు పడిపోయి కస్టమర్లు గగ్గోలు పెట్టిన రోజున, అంతా సర్దుకున్నాక ఒక మీటింగ్ పెడతాం. దాని పేరు బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్. అక్కడ "ఎవడు చేశాడు" అని అడగరు. "ఎలా జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం మార్చాలి" అని అడుగుతారు. ఇదేదో మంచితనం కొద్దీ పెట్టిన రూల్ కాదు. తిట్లు పడతాయని భయం ఉన్న చోట ఎవరూ తప్పు వెంటనే బయటపెట్టరు. ఎంత ఆలస్యంగా తెలిస్తే అంత నష్టం. ఆఫీసులో ఈ మాట పది మీటింగుల్లో చెప్పాను. సొంత నాన్న దగ్గర మర్చిపోయాను.

ఆ రాత్రి హోటల్లో మా ఇంటి పోస్ట్‌మార్టమ్ పెట్టుకున్నాం. మొదటి ప్రశ్న అమ్మ వేసింది. "అసలు పర్సు వెనక జేబులోకి ఎందుకొచ్చింది?"

నాన్న ప్యాంట్లన్నీ మా ఊరి టైలర్ కుడతాడు. ప్రతిదానికీ నడుం పట్టీ లోపల ఒక దొంగజేబు ఉంటుంది. ముప్పై ఏళ్ళ బస్సు ప్రయాణాల్లో నాన్న డబ్బులు అందులోనే ఉన్నాయి. ట్రిప్పు కోసం "ఆ ప్యాంట్లు బాగోవు" అని నేనే జీన్స్ కొనిచ్చాను. జీన్స్‌కి దొంగజేబు ఉండదు. అంటే ముప్పై ఏళ్ళు పనిచేసిన సెక్యూరిటీ సిస్టమ్‌ని ఫ్యాషన్ కోసం పీకేసింది నేనే.

అమ్మమ్మ బొడ్డు సంచిలో, తాతయ్య రొంటిలో డబ్బు దాచుకునేవాళ్ళు. ఇప్పుడు అదే వస్తువుని మనీ బెల్ట్ అని ఎయిర్‌పోర్టుల్లో అమ్ముతున్నారు.

వాళ్ళ పని ఎలా జరుగుతుంది

జేబుదొంగ అంటే మన ఊహలో ఒంటరిగా తిరిగే మనిషి. యూరప్‌లో ఎక్కువగా టీముగా చేస్తారు. ఒకరు అడ్డం పడతారు. ఇంకొకరు తీస్తారు. మూడో మనిషి అందుకుని వెళ్ళిపోతారు. అందుకే తీసిన చెయ్యి పట్టుకున్నా, ఆ చేతిలో మీ పర్సు ఉండదు.

మనకెందుకు తెలీదంటే, మన ధ్యాస ఒక చోటికి వెళ్తే రెండో చోట ఖాళీ అవుతుంది. అపోలో రాబిన్స్ అనే అమెరికన్ ఉన్నాడు. స్టేజి మీద అందరూ చూస్తుండగా జేబులు కొట్టి, మళ్ళీ తిరిగిచ్చే కళాకారుడు. 2013లో ఆయన ఇచ్చిన టెడ్ ప్రసంగం దొరికితే చూడండి. మనిషిని మాటల్లో పెట్టి, భుజం మీద చెయ్యేసి, చేతికున్న వాచీ తీసేస్తాడు. భుజం మీద గట్టిగా తగిలిన స్పర్శ ముందు జేబు దగ్గర తగిలిన సన్నని స్పర్శ లెక్కలోకి రాదు. మెట్రో తలుపు దగ్గర జరిగే తోపులాట పని కూడా అదే.

పారిస్‌లో ఈ టీములు వాడే ఎత్తులు కొన్ని అందరికీ తెలిసినవే. మోన్‌మార్త్ర్ కొండ మీద సక్రే కర్ చర్చి మెట్ల దగ్గర కొందరు మీ చేతికి రంగుదారం కట్టేస్తారు. ఒక చెయ్యి వాళ్ళ దగ్గర ఇరుక్కుంటుంది. డబ్బులడగడం ఒక ఎత్తు, ఆ హడావుడిలో జేబు ఖాళీ చేయడం ఇంకో ఎత్తు. ఐఫిల్ టవర్ చుట్టుపక్కల చేతిలో అట్ట పట్టుకుని "సంతకం పెట్టండి" అంటూ వచ్చేవాళ్ళుంటారు. ఆ అట్ట కింద మీ బ్యాగు జిప్ మీకు కనబడదు. సీన్ నది ఒడ్డున ఒకరు మీ కాళ్ళ ముందే బంగారు ఉంగరం దొరికినట్టు తీసి "మీదేనా?" అంటారు. అది ఇత్తడి. మూడు గిన్నెల కింద బంతి ఎక్కడుందో చెప్పే ఆట దగ్గర గెలుస్తున్నవాళ్ళు కూడా ఆ ముఠావాళ్ళే. చుట్టూ మూగి చూసేవాళ్ళ జేబులకి అక్కడ గ్యారంటీ లేదు.

బార్సిలోనాలో లా రాంబ్లా వీధిలో, కేఫ్ టేబుల్ మీద పెట్టిన ఫోన్ మీద ఒకరు మ్యాప్ పరిచి దారి అడుగుతారు. మ్యాప్ లేచేసరికి ఫోన్ కూడా లేస్తుంది. చొక్కా మీద పిట్ట రెట్టలాంటిది పడేలా చేసి, తుడిచే వంకతో దగ్గరకొచ్చే ఎత్తు కూడా అక్కడ పాతదే. రోమ్‌లో రైల్వేస్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64వ నంబరు బస్సుకి ఈ విషయంలో పెద్ద పేరుంది.

పారిస్ మెట్రోలో జేబుదొంగలున్నారు జాగ్రత్త అని చాలా భాషల్లో అనౌన్స్ చేస్తారు. 2013 ఏప్రిల్‌లో లూవ్ర్ మ్యూజియం సిబ్బంది జేబుదొంగల బాధ పడలేక పని మానేశారు. మోనాలిసా ఉన్న మ్యూజియం ఒక రోజు మూతపడింది. వెనిస్‌లో మోనికా పోలి అనే ఆవిడ దొంగలు కనబడగానే "అటెంజియోనె, పిక్‌పాకెట్!" అని అరిచే వీడియోలు 2023లో ప్రపంచమంతా తిరిగాయి. మీరూ ఆ రీల్స్ చూసే ఉంటారు. నవ్వొచ్చింది కదా? మీ బ్యాగు జిప్ మీద ఎవరి చెయ్యో ఉన్నప్పుడు ఆ గొంతు దేవుడి గొంతులా వినిపిస్తుంది.

ఒక చిన్న సంగతి. మన బస్టాండ్లలో "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అనే బోర్డు చూడగానే మనం ఏం చేస్తాం? చెయ్యి పర్సు మీదకి వెళ్తుంది. బోర్డు పక్కన నిలబడినవాడికి మనమే అడ్రసు చెప్పినట్టు. అనౌన్స్‌మెంట్ వినగానే తడుముకోకండి. రైలెక్కక ముందే సర్దుకోండి.

ఫోన్ పోతే

నాన్నది పర్సు. మీది ఫోన్ అయ్యుంటే? మన తరానికి పర్సంటే ఫోనే. అందులో బ్యాంకు, టికెట్, హోటల్ బుకింగ్, వీసా కాపీ, మ్యాప్, ఇంటివాళ్ళ నంబర్లు అన్నీ ఉంటాయి. అమ్మ నంబరు కాకుండా మీకు నోటికొచ్చిన నంబర్లు ఎన్ని?

ఇక్కడ ఒక తమాషా ముడి ఉంది. పోయిన ఫోన్‌ని వెతకడానికి వేరే ఫోన్లో గూగుల్ అకౌంట్‌లోకి లాగిన్ అవ్వాలి. లాగిన్ అవ్వాలంటే కోడ్ కావాలి. ఆ కోడ్ పోయిన ఫోన్‌కే వస్తుంది! ఈ ముడి ఇంట్లో ఉండగానే విప్పుకోవాలి. ఈ వ్యాసం చదువుతున్న ఫోన్లోనే ఈ పనులు చేసుకోవచ్చు, అరగంట చాలు.

గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కోడ్స్ ఉంటాయి. ఒక్కోటి ఒక్కసారి పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి, ఫోన్‌తో కలవకుండా వేరే చోట పెట్టండి.

సిమ్‌కి పిన్ పెట్టండి. స్క్రీన్ లాక్ ఉంది కదా అనుకోవద్దు. దొంగ మీ సిమ్ తీసి వాడి ఫోన్లో వేస్తే మీ ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. సిమ్ పిన్ ఉంటే ఆ దారి మూసుకుంటుంది. పెట్టే ముందు మీ కంపెనీ డిఫాల్ట్ పిన్ ఎంతో కనుక్కోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాకై పీయూకే అడుగుతుంది. ఈ-సిమ్ అయితే బయటికి తీసే బాధే లేదు.

లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని మాటలు కనబడకుండా చేయండి. లేకపోతే ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదివేయొచ్చు.

ఐఫోన్ ఉంటే స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో వచ్చింది. కొత్త చోట ఉన్నప్పుడు పాస్‌కోడ్ తెలిసినవాడు కూడా మీ యాపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ వెంటనే మార్చలేడు. ఫేస్ ఐడీ కావాలి, పైగా గంట ఆగాలి. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్, రిమోట్ లాక్ అని రెండున్నాయి. మొదటిది ఎవరైనా ఫోన్ లాక్కుని పరిగెత్తినట్టు అనిపిస్తే స్క్రీన్ మూసేస్తుంది. రెండోది ముందే ఆన్ చేసి ఉంచితే, వేరే ఎవరి ఫోన్ నుంచైనా మీ నంబరు కొట్టి లాక్ చేయొచ్చు.

*#06# డయల్ చేస్తే వచ్చే ఐఎంఈఐ నంబరు రాసుకోండి. పోలీసు కంప్లైంట్‌లో పనికొస్తుంది.

ఇంకొకటి. ఫోన్ పోయిన కొన్ని రోజులకి "మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కి లాగిన్ అవ్వండి" అని మెసేజ్ రావచ్చు. లాక్ తీయలేక దొంగలు పాస్‌వర్డ్ కోసం వేసే గాలం అది. మీ నంబరు లేకపోతే ఇంట్లోవాళ్ళకి పంపిస్తారు. వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

డబ్బుని విడగొట్టండి

2020 నుంచి మన బ్యాంకులు కొత్త కార్డుల్ని దేశంలో వాడటానికి మాత్రమే ఇస్తున్నాయి. విదేశాల్లో వాడాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. ఆ సెట్టింగు పక్కనే రోజుకి ఎంత అనే లిమిట్, కాంటాక్ట్‌లెస్ ఆన్ ఆఫ్ కూడా ఉంటాయి. నాన్న కార్డుకి ఇంటర్నేషనల్ ఆన్ చేయించాను, లిమిట్ పెట్టలేదు. అది నా తప్పుల్లో రెండోది.

జీతం పడే అకౌంటు డెబిట్ కార్డు బయటికి తీయకండి. లెక్క ప్రకారం లోడ్ చేసిన ఫారెక్స్ కార్డు ఒకటి జేబులో, క్రెడిట్ కార్డు ఒకటి వేరే చోట. రోజు ఖర్చుకి కాస్త క్యాష్. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు +91తో సహా కాగితం మీద. 1800తో మొదలయ్యే టోల్ ఫ్రీ నంబర్లు బయటి దేశాల్లో పనిచేస్తాయని నమ్ముకోవద్దు. నాన్న కార్డు బ్లాక్ చేయడానికి ఆ రోజు నాకు ఇరవై నిమిషాలు పట్టింది. అందులో సగం సంగీతం వినడానికే పోయింది.

పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు మెయిల్లో ఒకటి, ఇంటివాళ్ళ దగ్గర ఒకటి పెట్టండి. పాస్‌పోర్టే పోతే ముందు అక్కడి పోలీసులకి కంప్లైంట్ ఇచ్చి రసీదు తీసుకోవాలి, తర్వాత మన ఎంబసీకి వెళ్ళాలి. అర్జంటుగా ఇంటికి రావాలంటే వాళ్ళు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో ఇండియాకి రావడమే, ఇంకెక్కడికీ వెళ్ళలేరు. షెంగెన్ వీసాకి తప్పనిసరిగా తీసుకునే 30,000 యూరోల ఇన్సూరెన్స్ వైద్యం కోసం. దొంగతనం, పాస్‌పోర్టు నష్టం మీ పాలసీలో ఉన్నాయో లేదో కొనేటప్పుడే చదవండి. క్లెయిమ్‌కి ఆ పోలీసు రసీదే ఆధారం.

ఇక మెట్రోలో నిలబడేటప్పుడు తలుపు పక్కన వద్దు. లోపలికి వెళ్ళండి, వీపు గోడకి ఆనించండి. తలుపు దగ్గర ఎవరైనా అకారణంగా ఆగిపోతే, ఏదైనా జారవిడిస్తే, ముందు మీ బ్యాగు మీద చెయ్యెయ్యండి. తర్వాత సాయం చేద్దురుగాని.

ఎవర్ని అనుమానించాలి?

ఈ ప్రశ్న అమ్మ అడిగింది. తర్వాతి రోజంతా ఆవిడ మెట్రోలో మాసిన బట్టలవాళ్ళందర్నీ అనుమానంగా చూసింది. మరి మ్యాప్ జారవిడిచిన అమ్మాయి ఎలా ఉంది? శుభ్రమైన బట్టలు, భుజాన కెమెరా. అచ్చం టూరిస్టు.

అదే రోజు సాయంత్రం రైల్లో జేబుదొంగల అనౌన్స్‌మెంట్ వచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఓసారి నావైపు చూసి, తన బ్యాగుని ఒళ్ళోకి లాక్కుంది. నేను చామనఛాయ, గడ్డం, హుడీ. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మనుషుల మొహాలు చూడ్డం మానేసి చేతులు చూడ్డం మొదలుపెట్టింది. మొహం, రంగు, బట్టలు చూస్తే దొంగా దొరకడు, మనమూ మనుషుల్లా మిగలం. దూరం చూడండి. ఖాళీ ఉన్నా మీకు ఆనుకుని నిలబడేవాళ్ళు ఎవరైనా సరే, పక్కకి జరగండి. అంతే.

కంప్లైంట్ ఇచ్చి పోలీస్ స్టేషన్ నుంచి బయటికొస్తుంటే నాన్నకి సారీ చెప్పాను. "పోనీలేరా, ఆ అమ్మాయికి మ్యాప్ తీసివ్వడం మాత్రం తప్పు కాదు కదా" అన్నాడు. కాదన్నాను. 133 యూరోల్ని తలుచుకుని అమ్మ కాస్త ఆలోచించి, తనూ కాదంది.

మీరు అమ్మానాన్నల్ని బయటి దేశం తీసుకెళ్తుంటే పైన రాసినవన్నీ వాళ్ళ ఫోన్లలో కూడా చేసిపెట్టండి. దాంతోపాటు ఒక మాట చెప్పండి. "ఏదైనా పోతే ఆ నిమిషమే చెప్పండి. నేనేమీ అనను." చెప్పి, మాట నిలబెట్టుకోండి. నేను చూసినంతలో ఏ యాప్ కంటే ఇదే త్వరగా పనిచేస్తుంది.

మొన్న ఇంటికి వెళ్తే నాన్న ఆ జీన్స్‌ తీసి చూపించాడు. మా ఊరి టైలర్ నడుం పట్టీ లోపల చక్కగా దొంగజేబు కుట్టాడు. "ఇప్పుడు ఏ దేశమైనా పదరా" అన్నాడు. నాక్కూడా ఒకటి కుట్టమని నా ప్యాంట్లు రెండు ఇచ్చి వచ్చాను.